ఆటలో మా పేరు జాఫర్

ఆటకు మతం లేదంటారు. సినిమాకు లేదన్నారు, క్రికెట్‌కు లేదన్నారు, పాఠ్యపుస్తకానికీ లేదన్నారు. లేదన్న ప్రతిచోటా వెతికి చూస్తే ఏదో ఒక మూల మా బొమ్మ కనిపిస్తూనే ఉంది. గడ్డం, తలపాగా, చేతిలో వంకర కత్తి. సినిమాల్లోని మా బొమ్మ గురించి, చరిత్ర పుస్తకాల్లోని మా బొమ్మ గురించి కొంత రాశాం, కొంత కొట్లాడాం. కానీ పిల్లలు గంటల తరబడి కళ్ళార్పకుండా చూసిన మరో తెర ఉంది. దాన్ని మావాళ్ళు గానీ, లౌకికవాద మిత్రులు గానీ పెద్దగా పట్టించుకోలేదు. అది కంప్యూటర్ ఆటల తెర.

పిల్లలాటల మీద కూడా వ్యాసమా అని నవ్వేవాళ్ళుంటారు. నవ్వే ముందు ఒక్క తేడా గమనించమని కోరుతున్నాం. సినిమాలో విలన్‌ని హీరో చంపుతాడు, మనం కుర్చీలో కూర్చుని చూస్తాం. కంప్యూటర్ ఆటలో చంపేది మనమే. మీట మీద ఉన్నది మన వేలే. ఎవరి మీదికి దూకాలో, ఎవరిని పొడవాలో, ఎవరిని కాపాడాలో ఆట తయారు చేసినవాడు ముందే రాసిపెడతాడు. ఆ రాతను మన చేతులతో మనమే పూర్తి చేస్తాం. గెలిస్తే సంబరపడతాం, ఓడితే మళ్ళీ మొదటినుంచీ మొదలుపెడతాం. ఒక అభిప్రాయాన్ని వందసార్లు చేతులతో చేయించి అలవాటు చేసే సాధనాన్ని చిన్నచూపు చూడటం తెలివైన పని కాదు.

'మేము' అంటే ఎవరమో కూడా చెప్పాలి. ఇంట్లో దక్కనీ ఉర్దూ, వీధిలో తెలుగు మాట్లాడేవాళ్ళం. ఇంటా బయటా తెలుగే మాట్లాడే దూదేకులవాళ్ళం. అరబ్బు దేశాన్ని పటంలో తప్ప చూడనివాళ్ళం, గల్ఫ్‌లో చెమటోడ్చి తిరిగొచ్చినవాళ్ళం. మాలో ఎవరికీ ఒంటె లేదు, ఎగిరే తివాచీ అసలే లేదు. అయినా తెర మీది తలపాగావాడిని చూపించి 'మీవాడే' అంటే ఏం చెప్పాలి? కాదంటే మన పేర్లను, మన కథలను మనమే వదులుకున్నట్టు. ఔనంటే ఆ కత్తినీ ఒప్పుకున్నట్టు. ఈ ఇరకాటం ఎలా తయారైందో చూడటానికి కొన్ని పాత ఆటలను మళ్ళీ తెరిచి చూడాలి.

షతరంజ్‌లో వజీరు

ముందుగా కంప్యూటర్ లేని కాలానికి వెళ్దాం. ఈ గడ్డమీద పుట్టిన చతురంగం ఇరాన్ వెళ్ళి చత్రంగ్ అయింది. అరబ్బుల చేతుల్లో షతరంజ్ అయింది. స్పెయిన్ మీదుగా యూరప్ చేరింది. ఇంగ్లీషువాడు ఆట ముగిస్తూ అనే 'చెక్‌మేట్' మా ఇళ్ళల్లో ఇప్పటికీ వినిపించే 'షాహ్, మాత్' మాటే. అబ్బాసీ ఖలీఫాల బాగ్దాద్‌లో అల్ అద్లీ, అస్ సూలీ వంటి ఆటగాళ్ళు ఈ ఆట మీద పుస్తకాలు రాశారు.

ఆ బల్ల మీద రాజు పక్కన నిలబడేది వజీరు. తెలుగువాళ్ళు మంత్రి అన్నారు. యూరప్ వెళ్ళాక అదే పావు రాణిగా మారింది. పేరు మారినా రాజును కాపాడే పని మారలేదు. ఇంకో సంగతి కూడా చూడండి. చదరంగంలో రెండు పక్షాలకూ ఒకే బలం, ఒకే రూపం. నల్లపావులు పుట్టుకతో దుర్మార్గులు కావు. ఈ ఆటలో నల్లవి ఆడినవాడు వచ్చే ఆటలో తెల్లవి ఆడతాడు. మూడు నాలుగు మతాల మనుషుల చేతులు మారిన ఆట అది. ఎవరి ముఖాన్నీ శత్రువు ముఖంగా మార్చాల్సిన అవసరం దానికి రాలేదు.

కంప్యూటర్‌కు కూడా ఆ బాగ్దాద్‌తో చుట్టరికం ఉంది. 9వ శతాబ్దంలో అక్కడ పనిచేసిన అల్ ఖ్వారిజ్మీ భారతీయ అంకెలతో లెక్కలు చేసే పద్ధతి మీద ఒక పుస్తకం రాశాడు. 12వ శతాబ్దంలో అది లాటిన్‌లోకి వెళ్ళినప్పుడు ఆయన పేరు 'అల్గోరిత్మి'గా మారింది. అల్గారిథమ్ అనే మాట అక్కడినుంచే వచ్చింది. ఇది చేయి, తర్వాత అది చేయి, ఇలా జరిగితే అలా వెళ్ళు అని వరసగా చెప్పే పద్ధతి పేరు అల్గారిథమ్. ఏ కంప్యూటర్ ఆటైనా లోపల జరిగేది అదే. 1206లో అల్ జజరీ రాసిన యంత్రాల పుస్తకంలో నీటి శక్తితో వాద్యాలు వాయించే బొమ్మల పడవ ఉంది. మీట తిప్పితే బొమ్మ కదలాలన్న కోరిక మా పెద్దలకు కొత్త కాదు.

మా తాతలు నేతులు తాగారని చెప్పడానికి ఇదంతా ఎత్తలేదు. ఆటను పెంచినవాళ్ళు, లెక్కను మోసినవాళ్ళు ఆటలోకి వచ్చేసరికి ఏమయ్యారో పోల్చి చూడటానికి ఎత్తాం.

తివాచీల బజారు

1980ల మొదట్లో నాణెం వేసి ఆడే ఆర్కేడ్ యంత్రాలు జపాన్, అమెరికాల్లో ఊరూరా వెలిశాయి. 1983లో జపాన్‌కు చెందిన సన్ ఎలక్ట్రానిక్స్ 'అరేబియన్' అనే ఆట తెచ్చింది. ఒక రాకుమారుడు ఎక్కుతూ దూకుతూ, ఎగిరే తివాచీల మీద తిరుగుతూ ఇంగ్లీషు అక్షరాలు ఏరుకుంటాడు. అన్నీ ఏరితే 'అరేబియన్' అన్న మాట పూర్తవుతుంది. అందమైన ఆట. రంగులు బాగుంటాయి. అందులో మా మీద ద్వేషమేమీ లేదు. రాకుమారుడే అందులో హీరో.

కానీ ఆ అరేబియాలో మనిషి బతికే ఊరు లేదు. కూలి లేదు, బడి లేదు, బేరం లేదు. తివాచీ, కూజా, భూతం ఉంటే చాలు అరేబియా అయిపోతుంది. ఎడ్వర్డ్ సయీద్ 1978లో 'ఓరియంటలిజం' రాసి విడదీసి చూపించింది ఈ చూపునే. తూర్పు అంటే పడమటివాడు తన కోసం కట్టుకున్న ఒక రంగుల గుడారం. అందులో అద్భుతమూ వాడిదే, భయమూ వాడిదే. అక్కడి మనిషికి మాట మాత్రం ఉండదు.

ఇది ముస్లింల బాధ ఒక్కటే అనుకునే హిందూ మిత్రులకు ఒక మాట. 1991లో కాప్‌కామ్ విడుదల చేసిన 'స్ట్రీట్ ఫైటర్ 2' మన వీడియో గేమ్ పార్లర్లలో కూడా పిల్లలు ఎగబడి ఆడిన ఆట. అందులో భారతదేశం నుంచి వచ్చిన యోధుడు ధాల్సిమ్. మెడలో పుర్రెల దండ, నోట్లోంచి నిప్పు, రబ్బరులా సాగే చేతులు, వెనకాల ఏనుగులు. కోట్లమంది మనుషులున్న దేశానికి ఆ ఆట ఇచ్చిన గుర్తింపు అది. మమ్మల్ని చూసిన అద్దాల్లోంచే మిమ్మల్నీ చూశారు. తేడా ఎక్కడంటే, ధాల్సిమ్‌ను మీరు ఎంచుకుని ఆడవచ్చు, గెలిపించవచ్చు. మా జాఫర్‌ను ఎంచుకునే వీలు లేదు.

జాఫర్ ఎవరు?

1989లో అమెరికాలో 'ప్రిన్స్ ఆఫ్ పర్షియా' వచ్చింది. జోర్డాన్ మెక్నర్ అనే యువకుడు ఆపిల్ 2 కంప్యూటర్ కోసం దాదాపు ఒంటిచేత్తో రాశాడు. బ్రోడర్‌బండ్ సంస్థ విడుదల చేసింది. 1990ల్లో మన పట్టణాల్లో వీధికొకటిగా వెలిసిన కంప్యూటర్ శిక్షణ కేంద్రాల్లో డాస్ నేర్చుకోవడానికి చేరిన కుర్రాళ్ళు మాస్టారు బయటికి వెళ్ళగానే తెరిచిన ఆట ఇదే. హైదరాబాద్, విజయవాడల్లో ఆ తరంవాళ్ళను ఎవరిని కదిపినా ఈ పేరు చెబుతారు.

ఆట కథ చిన్నది. సుల్తాను యుద్ధానికి దూరదేశం వెళ్ళాడు. వజీరు జాఫర్ రాజ్యాన్ని చెరబట్టాడు. తనను పెళ్ళాడకపోతే గంటలో చావు తప్పదని సుల్తాను కూతురిని బెదిరించాడు. ఆమె ప్రేమించిన యువకుడు కోట కింద చెరసాలలో ఉన్నాడు. మన చేతిలో ఉన్నది 60 నిమిషాలు. ఆ లోపల కూలే రాళ్ళు, లేచే శూలాలు, కోసే కత్తెర తలుపులు దాటి పైకి చేరాలి.

ఆట గొప్పదనాన్ని కాదనలేం. అంతవరకు తెర మీద బొమ్మలు ఎగిరేవి, దూకేవి. మనిషిలా కదిలేవి కావు. మెక్నర్ తన తమ్ముడు డేవిడ్ పరుగెత్తి దూకుతుంటే వీడియో తీసి, ఒక్కొక్క భంగిమను కంప్యూటర్‌లోకి ఎక్కించాడు. కత్తియుద్ధం కదలికలను 1938 నాటి రాబిన్ హుడ్ సినిమా నుంచి తీసుకున్నాడు. అందుకే ఆ రాకుమారుడు అంచు పట్టుకుని వేలాడితే చూసేవాడి చేతులు నొప్పి పుడతాయి. రాకుమారి కూడా ఊరికే ఏడుస్తూ కూర్చోదు. ఒకచోట ఆమె పంపిన చిట్టెలుక వచ్చి మూసుకుపోయిన దారి తెరుస్తుంది.

ఇక బొమ్మలను చూడండి. మన దగ్గర ఆడిన డాస్ రూపంలో రాకుమారుడికి తలపాగా లేదు, గడ్డం లేదు. తెల్లని బట్టలు, తెల్లని ఒళ్ళు. తలపాగాలు ఎవరికంటే ఎదురొచ్చే కాపలావాళ్ళకు, జాఫర్‌కు. ఏ దేశపు రాకుమారుడో తెలియకుండానే ఎవరిని పొడవాలో తలను చూసి తెలిసిపోతుంది.

ఈ జాఫర్ ఎవరు? చరిత్రలో ఒక జాఫర్ ఉన్నాడు. జాఫర్ బిన్ యహ్యా బర్మకీ, ఖలీఫా హారూన్ రషీద్ వజీరు. బర్మకీల పూర్వీకులు బల్ఖ్ నగరంలోని నవవిహారమనే బౌద్ధక్షేత్రానికి పెద్దలు. తర్వాత ముస్లింలై బాగ్దాద్ చేరారు. జాఫర్ తండ్రి యహ్యా భారతీయ వైద్యులను పిలిపించి సంస్కృత వైద్యగ్రంథాలను అరబ్బీలోకి రాయించినవాడు. సుశ్రుతుడి గ్రంథం అలాగే అరబ్బీలోకి వెళ్ళింది. వెయ్యిన్నొక్క రాత్రుల కథల్లో జాఫర్ దుర్మార్గుడు కాడు. మారువేషంలో రాత్రిళ్ళు బాగ్దాద్ వీధుల్లో తిరిగే ఖలీఫా పక్కన నడిచే తోడు. నిజజీవితంలో జాఫర్ రాజును మోసం చేసి సింహాసనం ఎక్కలేదు. రాజే 803లో అతని తల తీయించి, శవాన్ని బాగ్దాద్ వంతెనల మీద వేలాడదీయించాడు.

చంపబడిన వజీరు చంపేవాడిగా ఎలా మారాడు? 1940లో వచ్చిన 'థీఫ్ ఆఫ్ బాగ్దాద్' సినిమాలో మాంత్రికుడైన దుష్టవజీరుకు జాఫర్ అని పేరు పెట్టారు. ఆ వేషం కట్టిన కాన్రాడ్ వైట్ నాజీల పాలన భరించలేక జర్మనీ వదిలి వచ్చిన నటుడు. అదే సినిమాలో దొంగపిల్లవాడిగా నటించిన సాబు మైసూరు సంస్థానంలో మావటి కొడుకుగా పుట్టిన ముస్లిం. ఆ సినిమా నుంచి జాఫర్ మెక్నర్ ఆటలోకి నడిచాడు. 1992లో డిస్నీ వాళ్ళ 'అల్లాద్దీన్'లోకీ వెళ్ళాడు. 1993లో ఆ సినిమా మీద వీడియో ఆటలు వచ్చాయి. అరబ్బుల దేశంలో చెవులు కోస్తారన్న అర్థం వచ్చే పాట మీద అమెరికాలోని అరబ్బుల సంఘం గొడవ చేస్తే 1993 వీడియోలో ఆ పంక్తి మార్చారు. జాఫర్ మాత్రం మారలేదు.

మాకు జాఫర్ అంటే ఇంటి పేరు లాంటిది. ప్రవక్త తండ్రి సోదరుడి కొడుకు జాఫర్. ఆరవ ఇమామ్ జాఫర్ సాదిఖ్. రజబ్ నెల 22న హైదరాబాద్ ఇళ్ళల్లో ఆయన పేరున కూండోం కీ నియాజ్ చేస్తారు. మట్టిపాత్రల్లో ఖీర్, పూరీలు పెట్టి, ఇరుగుపొరుగును మతం అడక్కుండా పిలుస్తారు. ఆ పేరు పెట్టుకున్న పిల్లలు మా ప్రతి మొహల్లాలోనూ ఉన్నారు. కంప్యూటర్ తెర ముందు కూర్చుని జాఫర్‌ను పొడవడానికి పరుగెత్తే జాఫర్‌లు వాళ్ళు.

దీన్ని యూదుల కుట్ర అనో, అమెరికా కుట్ర అనో అనేవాళ్ళు మాలో ఉన్నారు. మేం ఒప్పుకోం. మెక్నర్ తండ్రి బాల్యంలో నాజీల బారి నుంచి తప్పించుకోవడానికి వియన్నా విడిచిపోయిన యూదు కుటుంబంవాడు. తరిమివేత అంటే ఏమిటో ఆ ఇంటికి తెలుసు. ఆట రాసిన కుర్రవాడికి మా మీద పగ లేదు. చిన్నప్పుడు చూసిన సినిమా నుంచి ఒక రెడీమేడ్ దుర్మార్గుడిని తీసుకున్నాడు, అంతే. మేం చెప్పేదీ అదే. పగ ఉన్నవాడితో కొట్లాడవచ్చు. పగ లేకుండానే చేతినుంచి చేతికి మారే మూసబొమ్మతో కొట్లాట చాలా కష్టం. మన సినిమావాళ్ళలో చాలామందిది కూడా ఇదే పరిస్థితి.

కువైట్‌లో ఒక కంప్యూటర్

బయటివాళ్ళు మా బొమ్మ గీస్తుంటే అరబ్బులు చేతులు ముడుచుకుని కూర్చున్నారా అంటే లేదు. 1982లో కువైట్‌లో ముహమ్మద్ అల్ షారిఖ్ అల్ ఆలమియా అనే కంపెనీ పెట్టాడు. సఖ్ర్ పేరుతో ఇంటి కంప్యూటర్లు తెచ్చాడు. సఖ్ర్ అంటే బండరాయి. ఎమ్మెస్సెక్స్ అనే జపాన్ పద్ధతి యంత్రాలకు అరబ్బీ నేర్పి అమ్మాడు. తెలుగు ఒత్తులు, గుణింతాలు కంప్యూటర్‌లోకి ఎక్కించడానికి మనవాళ్ళు పడ్డ తిప్పలు తెలిసినవాళ్ళకు ఆ పని విలువ తెలుస్తుంది. అరబ్బీ కుడి నుంచి ఎడమకు నడుస్తుంది. మాటలో తన చోటును బట్టి అక్షరం ఆకారం మార్చుకుంటుంది. అదే లిపిలో అచ్చయ్యే హైదరాబాద్ ఉర్దూ పత్రికలు చాలాకాలం కాతిబుల చేతిరాత మీదే ఆధారపడటానికి కారణం ఇదే.

సఖ్ర్ మీద అరబ్బు పిల్లలు తమ భాషలో ప్రోగ్రాములు రాయడం నేర్చుకున్నారు. కొనామి కంపెనీ ఆటలు ఆడారు. 'అంటార్కిటిక్ అడ్వెంచర్'లో మంచు మీద పెంగ్విన్‌ను పరుగెత్తించారు. 1986 నాటి 'నైట్‌మేర్'లో గ్రీకు వీరుడిని నడిపించారు. ఆ పిల్లలకు కంప్యూటర్ అంటే తమను దుర్మార్గులుగా చూపించే పరాయి పెట్టె కాదు, తమ అక్షరాలు తెలిసిన పెట్టె. పాత ఆటల చరిత్ర రాసేవాళ్ళు ఎక్కువగా అమెరికా, జపాన్ దగ్గరే ఆగిపోతారు. కువైట్‌లోని ఈ అధ్యాయం వాళ్ళ పుటల్లో అరుదు.

1990 ఆగస్టు 2న సద్దాం సైన్యం కువైట్‌లోకి దిగింది. కంపెనీ కైరోకు తరలిపోయింది. ఒక ముస్లిం దేశపు సైన్యమే ఇంకో ముస్లిం దేశపు పిల్లల కంప్యూటర్‌ను చెదరగొట్టింది. ఉమ్మత్ ఒక్కటే అని ఉపన్యాసాలిచ్చే మా పెద్దలు ఈ సంగతి కూడా చెప్పాలి.

పైనుంచి చూస్తే చీమలు

ఆ దాడికి మన ఊళ్ళు కూడా కదిలాయి. కడప జిల్లా నుంచి, గోదావరి జిల్లాల నుంచి కువైట్‌కు పనికి వెళ్ళినవాళ్ళు కట్టుబట్టలతో ఎడారి దాటి జోర్డాన్ చేరారు. అమ్మాన్ నుంచి ఎయిర్ ఇండియా విమానాలు లక్షకు పైగా భారతీయులను ఇంటికి చేర్చాయి. అందులో హిందువులున్నారు, ముస్లింలున్నారు, క్రైస్తవులున్నారు. ఎడారిలో దాహం ఎవరి మతమూ అడగలేదు.

1991 జనవరి 17న అమెరికా బాంబులు మొదలయ్యాయి. విమానం ముక్కు మీది కెమెరా చూపించిన బొమ్మలు టీవీల్లో తిరిగాయి. ఒక గీతల గుర్తు, దాని మధ్యలో ఒక కట్టడం, తర్వాత తెల్లని మెరుపు. పడమటి పత్రికలే దాన్ని 'నింటెండో యుద్ధం' అన్నాయి. ఫిబ్రవరి 13న బాగ్దాద్‌లోని అమీరియా ఆశ్రయం మీద పడిన బాంబులకు 400 మందికి పైగా మామూలు జనం కాలిపోయారు. వాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళు, పిల్లలు. ముక్కు కెమెరాలో వాళ్ళు కనిపించరు.

మరుసటి సంవత్సరం, 1992లో, ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ 'డెజర్ట్ స్ట్రైక్' విడుదల చేసింది. దాని ఉపశీర్షిక గల్ఫ్‌కు తిరిగి రావడం గురించే. ఆడేవాడు అపాచీ హెలికాప్టర్ నడుపుతాడు. గల్ఫ్ దేశాన్ని ఆక్రమించిన జనరల్ కిల్‌బాబా అనే పిచ్చివాడి రాడార్లు, కరెంటు కేంద్రాలు, క్షిపణులు పేల్చాలి. బందీలను తాడువేసి పైకి లాగాలి. 'చంపు' అనే ఇంగ్లీషు మాటకు మన 'బాబా' తగిలిస్తే శత్రువు పేరు తయారైంది. ఒక జాతి పేర్లను ఎగతాళి చేయడానికి ఇంతకంటే పెద్ద కష్టం పడలేదు.

ఆటగా చూస్తే ఇది గట్టి ఆట. ఇంధనం తరుగుతుంటుంది. గుళ్ళు అయిపోతుంటాయి. ఏది ముందు, ఏది తర్వాత అని ఆలోచించకపోతే కూలిపోతాం. ఊరికే కాల్చేవాడు గెలవలేడు. అందుకే మళ్ళీ ఆడి చూడమంటున్నాం. ఆడుతూ కెమెరా ఎక్కడ ఉందో గమనించండి. అది ఆకాశంలో ఉంటుంది. కింద మనుషులు చీమలు. ఇసుక ఖాళీగా ఉంటుంది, అక్కడ ఎవరూ వండుకోరు, నిద్రపోరు. పైనున్నవాడికి పేరుంది, ఇంటికి వెళ్ళే దారి ఉంది. కిందివాడికి పేలిపోవడం ఒక్కటే పని.

1992 మాకు మరో విధంగా కూడా మరిచిపోలేని సంవత్సరం. 'రోజా' తెలుగు మాటలతో మన ఊరి హాళ్ళకు వచ్చింది ఆ సంవత్సరమే. బాబ్రీ మసీదును కూల్చింది ఆ డిసెంబరు 6నే. ఆటకూ కూల్చివేతకూ ఏదో రహస్య సంబంధం ఉందని మేం అనడం లేదు. మమ్మల్ని పైనుంచి, దూరం నుంచి, పేరు లేని గుంపుగా చూసే అలవాటు అన్నిచోట్లా ఒకేసారి గట్టిపడిందని అంటున్నాం. గుమ్మటం ఎక్కినవాడికీ కింద మనుషులు చీమలే.

నెలవంకను చెరిపేశారు

1998లో నింటెండో తెచ్చిన 'ఆకరీనా ఆఫ్ టైమ్'ను చాలామంది ఆటల్లో ఆణిముత్యం అంటారు. అందులో ఎడారిలో బతికే గెరూడో అనే దొంగల జాతి ఉంది. వాళ్ళ గుర్తు నెలవంక, నక్షత్రం. నిప్పుల గుడిలో వెనక వినిపించే సంగీతంలో అల్లాహు అక్బర్ వంటి ప్రార్థన మాటలు ఉన్నాయి. అమ్మకానికి దొరికే శబ్దాల సంకలనం నుంచి తీసుకున్నవి అవి. తర్వాతి ముద్రణల్లో ఆ గొంతు తీసేశారు. ఆ తర్వాత వచ్చిన రూపాల్లో నెలవంక గుర్తు కూడా మార్చారు.

మా ప్రార్థన వెనక సంగీతం కావడం మాకు నచ్చదు. తీసేయడం మంచిదే. కానీ దొంగల గుర్తుగా నెలవంక ఎవరి బుర్రలోనైనా ఎందుకు మెదిలింది అన్న ప్రశ్న గుర్తును చెరిపినంత మాత్రాన చెరిగిపోదు. మా విషయంలో చాలాసార్లు జరిగేది ఇంతే. తిట్టిన మాట తీసేస్తారు. ఆ మాట పుట్టిన చూపు అలాగే ఉంటుంది.

వేరే దారి ఉంది

పడమటి ఆటలన్నీ ఒకటే అని గిరిగీయడం కూడా అన్యాయం. 1990లో సియెరా సంస్థ కోసం కోరీ కోల్, లోరీ కోల్ దంపతులు చేసిన 'క్వెస్ట్ ఫర్ గ్లోరీ 2' షపీర్ అనే అరబ్బు కథల నగరంలో జరుగుతుంది. అక్కడ హీరోకి పొడిచే కత్తి ఒక్కటే చాలదు. బజారులో బేరమాడాలి. మర్యాదగా మాట్లాడాలి. పక్క నగరంలో దౌర్జన్యం రాజ్యమేలుతుంటే అక్కడినుంచి తరిమేయబడ్డ కట్టా జాతివాళ్ళు షపీర్‌లో తలదాచుకుంటారు. హీరోకి అన్నం పెట్టి చోటిచ్చేది వాళ్ళే. తివాచీల కథే తీసుకుని అందులో ఆతిథ్యాన్ని, కాందిశీకులను చూడగలిగారు.

1999 నాటి 'ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2'లో సలాహుద్దీన్ కథ ఉంది. ఎడారిలో దారి తప్పి అరబ్బులకు దొరికిన ఒక యూరప్ యోధుడు ఆ కథ చెబుతాడు. మొదట అనాగరికులనుకున్నవాళ్ళ మధ్య ఉండగా ఉండగా అతని చూపు మారుతుంది. ఆడేవాడు కూడా సలాహుద్దీన్ పక్షాన నిలబడి కోట కట్టాలి, పొలం దున్నించాలి, ఊరు కాపాడాలి. జాతి పేరు మాత్రం యూరప్‌వాడు పెట్టిన 'సారసెన్లు' అన్న పేరే. అయినా చదరంగంలోలాగా రెండు వైపులా ఒకే రకం మనుషులను చూడగలిగిన ఆట అది.

అరబ్బులు సొంతంగా జవాబు చెప్పింది 2001లో. డమాస్కస్‌లోని దారుల్ ఫిక్ర్ అనే పుస్తక ప్రచురణ సంస్థ 'తహ్తుర్ రమాద్' విడుదల చేసింది. అంటే బూడిద కింద. మొదటి ఇంతిఫాదా కాలంలో అహ్మద్ అనే పాలస్తీనా యువకుడి కథ. చేతిలో రాయితో మొదలవుతుంది. మామూలు జనాన్ని చంపితే అక్కడితో ఆట ముగిసిపోతుంది. మొదటిసారి ఆ తెర మీద మావాడికి పేరుంది, ఇల్లుంది, కోపానికి కారణముంది. 2002లో అమెరికా సైన్యం కుర్రాళ్ళను ఆకర్షించడానికి 'అమెరికాస్ ఆర్మీ' అనే ఆటను ఉచితంగా పంచింది. 2003లో హిజ్బుల్లా 'స్పెషల్ ఫోర్స్' తెచ్చింది. అందులో ఇజ్రాయిలీ నాయకుల బొమ్మల మీద గురి నేర్చుకోవాలి. తుపాకీ ఈ చేతి నుంచి ఆ చేతికి మారింది. ఆట మాత్రం మారలేదు. ఎదుటివాడు మళ్ళీ ముఖం లేనివాడే. మా మీద పెట్టిన గురిని తిప్పి ఇంకొకరి మీద పెట్టడమే విముక్తి అయితే, ఆ విముక్తి మాకు అక్కర్లేదు.

నీడతో యుద్ధం

మళ్ళీ 'ప్రిన్స్ ఆఫ్ పర్షియా' దగ్గరికి రావాలి. ఆ ఆటలో జాఫర్ కంటే పెద్ద శత్రువు ఒకడున్నాడు. ఒకచోట దారికి అడ్డంగా అద్దం వస్తుంది. రాకుమారుడు దాన్ని పగలగొట్టుకుని దూకితే అద్దంలోంచి అతని నీడ విడిపోయి అటువైపు పారిపోతుంది. తర్వాత ఆ నీడ అతని మందు తాగేస్తుంది. తలుపు మూసి కిందికి పడేస్తుంది. చివరికి కత్తి దూసి ఎదురు నిలుస్తుంది.

ఈ నీడ పుట్టుక కూడా విచిత్రమే. ఆపిల్ 2 చిన్న యంత్రం. కొత్త శత్రువును గీయడానికి అందులో చోటు మిగల్లేదు. అందుకని మెక్నర్ రాకుమారుడి బొమ్మనే తీసుకుని, లోపలి అంకెలను కాస్త పక్కకు జరిపి, మిలమిలలాడే నీడగా మార్చాడు. శత్రువుకు సొంత రూపం లేదు. హీరో రూపాన్నే వేరే రంగులో చూస్తే వాడే శత్రువు.

నీడతో కత్తియుద్ధం మొదలుపెట్టినవాడికి ఒక సంగతి తెలుస్తుంది. నీడను ఒక్క దెబ్బ కొడితే తన ప్రాణం ఒకటి తగ్గుతుంది. ఎంత బాగా కొడితే అంత త్వరగా చస్తాడు. దారి ఒక్కటే. కత్తిని ఒరలో పెట్టాలి. నీడ కూడా పెడుతుంది. అప్పుడు ఎదురుగా నడిస్తే ఇద్దరూ ఒకటైపోతారు. ఆ తర్వాత ముందున్న అగాధం మీద అడుగేస్తే, లేని చోట రాళ్ళు పుట్టి కాలికింద నిలుస్తాయి.

డాస్ నేర్చుకునే రోజుల్లో దీన్ని ఆడిన హిందూ, ముస్లిం కుర్రాళ్ళు ఎందరో ఈ చిక్కుముడి విప్పారు. వేళ్ళకు తెలిసిన ఆ పాఠం బయట వీధిలోకి ఎందుకు రాలేదో ఆలోచించమని వాళ్ళను అడుగుతున్నాం. ఈ దేశంలో మమ్మల్ని కూడా అద్దంలోంచి విడదీసి నీడను చేశారు. మీ రూపమే మాది, మీ భాషే మాది, మీ ఆకలే మాది. కాస్త పక్కకు జరిపి వేరే రంగు వేశారు. కత్తి ఒరలో పెట్టే బాధ్యత ఇద్దరిదీ. ముందు పెట్టాల్సింది మాత్రం పెద్ద కత్తి ఉన్నవాడే.

మెక్నర్ 2012లో ఆ ఆట రాసిన అసలు ప్రోగ్రామును అందరూ చదువుకునేలా బయటపెట్టాడు. 2010లో హాలీవుడ్ దాన్ని సినిమా తీస్తే పర్షియా రాకుమారుడిగా అమెరికా నటుడే వేశాడు. 2024లో వచ్చిన 'లాస్ట్ క్రౌన్'లో మాత్రం పాత్రలు ఫారసీలో మాట్లాడే ఏర్పాటు చేశారు. పర్షియా రాకుమారుడి ఆటలో పర్షియా భాష వినపడటానికి 35 ఏళ్ళు పట్టింది. అడగకుండా వచ్చింది కాదది. ఇరాన్ బయటా లోపలా ఎంతోమంది 'ఇది మా ఊరు కాదే' అని అంటూ వచ్చారు.

మేం కూడా అనాలి. పాత ఆటలను పిల్లల దగ్గరినుంచి లాక్కుని హరామ్ అని పారేయడం వల్ల ఒరిగేది లేదు. పక్కన కూర్చుని ఆడాలి. బాగున్నది బాగుందని చెప్పాలి. జాఫర్ వచ్చినప్పుడు బర్మకీ కథ చెప్పాలి. హెలికాప్టర్ ఎగిరినప్పుడు కిందున్న ఊరి పేరు అడగాలి. మా పిల్లల్లో కంప్యూటర్ చదువు చదివినవాళ్ళు ఇప్పుడు తక్కువేమీ కాదు. వాళ్ళలో ఎందరో రాత్రింబవళ్ళు అమెరికా కంపెనీలకు ప్రోగ్రాములు రాస్తున్నారు. పీర్లను ఎత్తుకునే తెలంగాణ పల్లెను, ఆ పీరు ముందు అలావా చుట్టూ ఆడే అన్ని కులాల మనుషులను, కువైట్ ఎడారి దాటి వచ్చిన కడప తల్లిని వాళ్ళు ఒక ఆటలో పెట్టలేరా? తెలుగు మాట్లాడే ఆటలో జాఫర్ అనే కుర్రవాడు హీరో కాకపోయినా ఫరవాలేదు. కనీసం హీరో పక్కింట్లో ఉంటే చాలు.